రైఫిల్ తుడిచే ముందు చిటికెన వేలు

బీజీఎంఐ ఆడేవాళ్లకి ఎస్‌ఎల్ఆర్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. దూరంగా కొండ మీద దాక్కున్నోడిని ఒక్కో బుల్లెట్‌తో పడగొట్టే గన్ అది. మా తమ్ముడికి అదంటే ప్రాణం. ఆటలో దానికి పది బుల్లెట్ల మ్యాగజైన్ వస్తుంది, స్కోప్ తగిలించుకోవచ్చు, భుజాన వేసుకుని నది ఈదేయొచ్చు, బురదలో పడుకోవచ్చు. ఎన్ని మ్యాచ్‌లు ఆడినా దాన్ని ఒక్కసారి కూడా తుడవక్కర్లేదు. జామ్ అవ్వదు. తుప్పు పట్టదు.

అసలు ఎస్‌ఎల్ఆర్ అలా ఉండదు. నాలుగు కిలోలు దాటిన బరువు, ఇరవై తూటాల మ్యాగజైన్, చెక్క బట్. ఒక పూట ఫైరింగ్ చేస్తే రెండు పూటలు తుడవాలి. మా తడలాంటి ఊళ్లో అయితే ఫైరింగ్ చెయ్యకపోయినా తుడవాలి.

మా ఊరు తెలియని వాళ్లకి ఒక మాట. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే హైవే మీద, ఆంధ్రాలో ఆఖరి మండలం మాది. 2022లో జిల్లాలు మార్చాక తిరుపతి జిల్లా అయింది గానీ, మా ఇంట్లో ఇప్పటికీ నెల్లూరోళ్లమనే చెప్పుకుంటాం. తూర్పున పులికాట్ సరస్సు. సగం ఉప్పు, సగం తీపి. దాని అవతల శ్రీహరికోట. రాకెట్ ఎగిరిన రోజు మా కిటికీ తలుపులు గడగడమంటాయి. మిగిలిన రోజుల్లో ఆ కిటికీల ఊచల్ని ఉప్పుగాలి మెల్లగా తింటూ ఉంటుంది. ఇక్కడ సైకిల్ చెయిన్, గేటు బోల్టు, స్కూటర్ సైలెన్సర్, ఏదైనా సరే, వదిలేస్తే ఎర్రబడుతుంది. ఇనుముతో బతకాలంటే గుడ్డ, నూనె చేతిలో ఉండాలని ఇక్కడి పిల్లలకి ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు.

నేను తుపాకీ తుడవడం నేర్చుకుంది ఎన్‌సీసీలో. డిగ్రీ మూడేళ్లూ లోకల్ ట్రైన్‌లో సూళ్లూరుపేట వెళ్లి చదివాను. ఎన్‌సీసీ 1948లో మొదలైతే ఆ మరుసటి ఏడే ఆడపిల్లల విభాగం పెట్టారు. అంత పాత సంగతి అయినా, నేను ఖాకీ వేసుకున్న మొదటి రోజు మా వీధిలో సగం మంది అరుగుల మీదకొచ్చి చూశారు. క్యాంపులో మాకు పాఠం చెప్పేది ఆర్మీ నుంచి వచ్చిన హవల్దార్లు. వాళ్లని 'ఉస్తాద్' అనాలి. పాఠమంతా హిందీలో. 'ఖోల్‌నా, జోడ్‌నా' అంటే విప్పడం, బిగించడం. 'చిందీ' అంటే తుడిచే గుడ్డముక్క. ఆయుధాలుండే గది 'కోత్'. నాకొచ్చిన హిందీలో సగం రైఫిల్ హిందీనే. బజార్లో బేరమాడటానికి పనికిరాదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా తమ్ముడు కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయ్యాడు. ట్రైనింగ్‌కి పిలుపు రావడానికి నెల టైమ్ ఉంది. "అక్కా, నీకు సీ సర్టిఫికెట్ ఉందిగా, రైఫిల్ సంగతి కాస్త చెప్పు. అక్కడికెళ్లి మొద్దులా నిలబడకూడదు" అన్నాడు. మా ఇంట్లో తుపాకీ ఎక్కడిది? సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మామూలు జనం ఇంట్లో పెట్టుకునేది కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం అవి నిషేధిత రకంలో పడతాయి. పొలాలకి పందులొస్తాయని లైసెన్స్ తుపాకీ తెచ్చుకున్న రైతులు కూడా ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పజెప్పి వస్తారు. కాబట్టి మా క్లాసు ఒక చీపురు కర్ర, అర అంగుళం పీవీసీ పైపు, అమ్మ కుట్టుమిషన్, పక్కింటి మావ వలకి కట్టే సీసం గుండు, వీటితో నడిచింది.

ముందు అది ఎలా పనిచేస్తుందో తెలియాలి. ఎక్కడ మురికి పడుతుందో అప్పుడే అర్థమవుతుంది. ఎస్‌ఎల్ఆర్ అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్, తనంతట తనే తూటా నింపుకునేది. బెల్జియంలో పుట్టిన ఎఫ్ఎన్ ఫాల్ అనే రైఫిల్‌కి మన దేశపు రూపం. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైంది. 1962లో చైనా యుద్ధానికి మన సైనికులు పట్టుకెళ్లింది ఇది కాదు, .303 బోల్ట్ యాక్షన్ రైఫిల్. అందులో ప్రతి గుండుకీ బోల్ట్‌ని చేత్తో లాగి తొయ్యాలి. ఎస్‌ఎల్ఆర్‌లో ఆ పని పొగ చేస్తుంది. తూటా బారెల్ దాటిపోయేటప్పుడు వెనకాలే వస్తున్న వేడి గ్యాస్‌లో కొంచెం, ఒక చిన్న రంధ్రం గుండా పైనున్న గొట్టంలోకి పోతుంది. అక్కడున్న పిస్టన్‌ని వెనక్కి కొడుతుంది. పిస్టన్ దెబ్బకి బ్రీచ్ బ్లాక్ తెరుచుకుని ఖాళీ తొడుగుని బయటకి విసిరేస్తుంది, లోపలి హ్యామర్‌ని వంచుతుంది. బట్‌లో ఉన్న స్ప్రింగ్ మళ్లీ ముందుకి తోస్తే మ్యాగజైన్‌లోంచి కొత్త తూటా చాంబర్‌లోకి ఎక్కుతుంది. ఇదంతా కంటిరెప్ప వేసేలోపే. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే ఒక్క గుండే వెళ్తుంది, కానీ రెండోది అప్పటికే సిద్ధంగా కూర్చుంటుంది.

ఆ ఆఖరి మాట దగ్గర కొంచెం ఆగండి. 'రెండోది అప్పటికే సిద్ధంగా కూర్చుంటుంది.' తుడవడంలో మొదటి పాఠం నూనె గురించి కాదు, దీని గురించే.

పేపర్లో అప్పుడప్పుడు వార్త చూస్తుంటాం. 'తుపాకీ శుభ్రం చేస్తుండగా మిస్‌ఫైర్, కానిస్టేబుల్ మృతి' అని. నాకు ఆ మాట దగ్గర ఒళ్లు మండుతుంది. మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. పేలి మనిషి చనిపోతే దాన్ని మిస్‌ఫైర్ అని ఎలా అంటారు? ఆ మాట వాడితే తప్పంతా తుపాకీదే అయిపోతుంది, ఇనుపముక్క దానంతటదే బుర్ర చెడి పేలినట్టు. మంచి స్థితిలో ఉన్న రైఫిల్, చాంబర్ నిజంగా ఖాళీగా ఉంటే, ఎన్నిసార్లు నొక్కినా టిక్కుమంటుందంతే. పేలిందంటే లోపల తూటా ఉంది. అది చూడకుండా ఎవరో ట్రిగ్గర్ నొక్కారు, లేదా ఏదో తగిలి నొక్కుకుంది.

తమ్ముడికి నేను ఇదే చెప్తున్నా. వాడు చీపురు కర్ర పట్టుకుని, "అంతేగదక్కా. కాకింగ్ హ్యాండిల్ లాగితే లోపలున్న తూటా బయట పడిపోద్ది, తర్వాత మ్యాగజైన్ తీసేస్తే అయిపాయె" అన్నాడు.

మా నాయన అప్పటిదాకా వరండాలో పేపర్ చదువుకుంటున్నాడు. ముప్పై ఏళ్లు యూనిఫాం ఉద్యోగం చేసి రిటైర్ అయిన మనిషి. ఎక్కడ, ఏ విభాగంలో అనేది ఇక్కడ అనవసరం. ఉద్యోగం సంగతులు ఇంట్లో ఎత్తడు. నా ఎన్‌సీసీ రోజుల్లో కూడా నేను రైఫిల్ గురించి ఏదైనా అడిగితే, "మీ ఉస్తాద్ చెప్తాడుగా పాపా" అని లేచి వెళ్లిపోయేవాడు. ఆ రోజు పేపర్ మడిచి పక్కన పెట్టి, "మళ్లీ చెప్పు, ముందేం చేస్తావు?" అన్నాడు.

"కాక్ చేస్తా నాయనా."

"తర్వాత?"

"మ్యాగజైన్ తీస్తా."

"చచ్చిపోతావు" అన్నాడు నాయన. కోపంగా కాదు. టైమ్ ఎంతయిందో చెప్పినట్టు.

తమ్ముడికి అర్థం కాలేదు. నాయనే చెప్పాడు. మ్యాగజైన్ లోపల ఉండగా హ్యాండిల్ లాగితే చాంబర్‌లో ఉన్న తూటా బయట పడుతుంది, నిజమే. నువ్వు దాన్ని కళ్లారా చూస్తావు, కింద పడిన చప్పుడు వింటావు, 'హమ్మయ్య' అనుకుంటావు. కానీ హ్యాండిల్ వదలగానే మ్యాగజైన్‌లోంచి ఇంకోటి ఎక్కి కూర్చుంటుంది. ఇప్పుడు మ్యాగజైన్ తీసి పక్కన పెట్టావు. చేతిలో ఉన్న తుపాకీకి మ్యాగజైన్ లేదు, ఒక తూటా బయటికి రావడం నువ్వే చూశావు. ఖాళీ అని నమ్మడానికి ఇంకేం కావాలి? లోపల మాత్రం ఒకటుంది.

"మా బ్యారక్‌లో ఒకడుండేవాడు" అన్నాడు. పేరు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నంత స్నేహం అట. డ్యూటీ దిగొచ్చి మంచాల మీద ఎదురెదురుగా కూర్చుని తుడుచుకుంటున్నారు. మ్యాగజైన్ తీసి దుప్పటి మీద పెట్టడం నాయన చూశాడు. విప్పే ముందు ట్రిగ్గర్ నొక్కాలి గదా అని నొక్కాడతను. గుండు తగిలింది ఎదురు మంచం మీదున్న వాళ్లకి కాదు. బట్ నేలకి ఆనించి, గొట్టం మీదకి వంగి కూర్చున్నాడు. అతనికే తగిలింది.

"మ్యాగజైన్ తియ్యడం చూశా. అంతకుముందు కాక్ చేశాడా, తర్వాత చేశాడా అనేది నేను చూళ్లేదు. ఎంక్వయిరీలో కూడా అదే అడిగారు. చూళ్లేదనే చెప్పా." ఆ మాట నాయన రెండుసార్లు అన్నాడు. మర్నాడు పేపర్లో మిస్‌ఫైర్ అని వచ్చిందట.

అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి వింటోంది. పాతికేళ్ల కాపురంలో ఆ కథ ఆమె కూడా వినలేదని ఆమె మొహం చూస్తే తెలిసింది. ఎవరో ఒకావిడ మా ఇంట్లో శుభకార్యాలకి దూరం నుంచి వచ్చి, నాయన చేతిలో కవరు పెట్టి, భోజనం చేసి వెళ్లడం నాకు గుర్తుంది. ఆవిడెవరో ఆ రోజు తెలిసింది.

తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తమ్ముడు చీపురు కర్రని మెల్లగా గోడకి ఆనించాడు. నాయన దాన్ని మళ్లీ తీసి వాడి చేతికిచ్చి, "ఇప్పుడు చెయ్యి" అన్నాడు.

అక్కణ్నుంచి క్లాసు ఇద్దరం కలిసి చెప్పాం. నాయన వరస ఇది. మొట్టమొదట గొట్టం మనుషులు లేని వైపు. వేలు ట్రిగ్గర్ గార్డ్ బయట. మ్యాగజైన్ ముందు తియ్యాలి, తీసి చేతికి అందనంత దూరంలో పెట్టాలి. అప్పుడు కాకింగ్ హ్యాండిల్ వెనక్కి లాగాలి. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. ఆఖరిసారి లాగి బ్రీచ్ తెరిచే ఉంచాలి. లోపలికి కంటితో చూడాలి. చూశాక చిటికెన వేలు పెట్టి తడమాలి. "కన్ను అలిసిపోద్ది, రాత్రి డ్యూటీ దిగిన కన్ను ఉన్నదాన్ని లేదనుకుంటది. వేలికి అబద్ధం రాదు" అన్నాడు నాయన. మా ఉస్తాద్ కూడా వేలు పెట్టించేవాడు గానీ, ఎందుకో చెప్పలేదు.

ఇంకో మూడు మాటలు కూడా చెప్పాడు. అవి మా క్యాంపులో ఎవరూ చెప్పలేదు. ఎవరైనా తుపాకీ చేతికిచ్చి 'ఖాళీ' అంటే, ఆ ఇచ్చినోడు ఎస్పీ అయినా సరే, నువ్వు మళ్లీ చూసుకో. తుడిచే గదిలో తూటాలు ఉండకూడదు, గది దాటించి పెట్టు. ఎదురెదురుగా కూర్చుని తుడవొద్దు, అందరూ ఒకే వైపు తిరిగి కూర్చోండి. కబుర్లు చెప్పుకోవాలంటే పక్కకి తిరిగి చెప్పుకోవచ్చు.

ఇక తుడవడం. ఇది చెప్పడానికి ఎక్కువ లేదు, చెయ్యడానికే ఎక్కువ.

ఎస్‌ఎల్ఆర్‌ని సగానికి వంచి తెరవొచ్చు. వెనక ఎడమ పక్క ఒక మీట ఉంటుంది. అది తిప్పితే మడత కత్తిలా తెరుచుకుంటుంది. లోపలున్న స్లైడ్, దానితోపాటు బ్రీచ్ బ్లాక్ బయటికి జారి వస్తాయి. ముందు వైపు గ్యాస్ ప్లగ్ నొక్కి తిప్పితే ఊడుతుంది. దాని వెనకాల స్ప్రింగ్ బిగిసి ఉంటుంది కాబట్టి బొటనవేలు అడ్డం పెట్టకపోతే ప్లగ్ ఎగిరిపోతుంది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ప్లగ్ ఎగిరి గడ్డిలో పడితే మధ్యాహ్నం భోజనం మానేసి ఇరవై మందిమి వెతికాం. ప్లగ్ తర్వాత పిస్టన్, దాని స్ప్రింగ్. కొత్తవాళ్లు విప్పాల్సింది ఇంతవరకే. ఇంకా లోపలికెళ్తే ఆర్మరర్ పని. యూట్యూబ్‌లో చూశానని ట్రిగ్గర్ మెకానిజం విప్పినోడు దాన్ని సంచిలో వేసుకుని కోత్‌కి వెళ్లాల్సి వస్తుంది. విప్పిన ప్రతి ముక్కనీ విప్పిన వరసలోనే ఎడమ నుంచి కుడికి గుడ్డ మీద పేర్చుకోవాలి. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి వస్తే సరి.

బారెల్‌కి పుల్‌త్రూ. ఒక గట్టి తాడు, ఒక కొసన ఇత్తడి బరువు, రెండో కొసన చిందీ దూర్చడానికి ముడి. మేం నవారు తాడుకి సీసం గుండు కట్టి, పీవీసీ పైపులో ప్రాక్టీస్ చేశాం. బరువుని చాంబర్ వైపు నుంచి వెయ్యాలి, మూతి వైపు నుంచి లాగాలి. లాగడం ఒకే ఊపులో జరగాలి. మధ్యలో ఆగితే అక్కడే మురికి వదులుతుంది, లేదా గుడ్డ ఇరుక్కుంటుంది. తాడుని ఏటవాలుగా లాగితే గొట్టం మూతి అంచుకి రాసుకుంటుంది. బావి గట్టు రాయి మీద తాడు గాళ్లు పడ్డం చూశారు కదా, అలాగే ఏళ్ల తరబడి రాసుకుంటే ఇనుము కూడా అరుగుతుంది. అంచు అరిగిన రైఫిల్ గురి తప్పుతుంది. చిందీ కొలత నాలుగంగుళాలకి రెండంగుళాలు. అంతకంటే పెద్దది పెడితే ఇరుక్కుంటుంది, చిన్నది పెడితే గోడల్ని తాకదు. పొడి చిందీ తెల్లగా వచ్చేదాకా మారుస్తూ లాగడం, ఆ తర్వాత నూనె చిందీ ఒక్కసారి. మళ్లీ ఫైరింగ్‌కి వెళ్లే ముందు ఆ నూనె కూడా పొడి గుడ్డతో తీసెయ్యాలి.

అసలు కష్టం గ్యాస్ భాగాల దగ్గర. పిస్టన్ తల, ప్లగ్, గ్యాస్ గొట్టం, ఇవి వంటింటి చిమ్నీ లాంటివి. ప్రతి గుండుకీ కొంచెం మసి. అది గట్టిపడి పెంకు కడుతుంది. పెంకు మందమైతే పిస్టన్ బిగుసుకుంటుంది, వెనక్కి పూర్తిగా పోదు. అప్పుడు ఖాళీ తొడుగు సగం బయటికొచ్చి ఇరుక్కోవడమో, కొత్త తూటా ఎక్కకపోవడమో జరుగుతుంది. ఫైరింగ్ లైన్లో 'ఉస్తాద్, రుక్ గయా' అని చెయ్యెత్తే వాళ్లలో చాలామంది రైఫిల్ చెడిపోయి ఉండదు, మసి పట్టి ఉంటుంది. ఈ మసిని గరుకు కాగితంతో గీకితే ఇనుము కూడా పోతుంది. నూనెలో నాననిచ్చి గుడ్డతో, బ్రష్‌తో ఓపిగ్గా తియ్యాలి. బిగించే ముందు మాత్రం ఈ భాగాల్ని పూర్తిగా పొడిగా తుడవాలి. నూనె ఉంటే వేడికి మాడి, అదే కొత్త మసి అవుతుంది.

తమ్ముడికి ఇది వింతగా అనిపించింది. "నూనె ఎంత ఎక్కువుంటే అంత మంచిది గదక్కా?" అన్నాడు. దానికి జవాబు అమ్మ ఇచ్చింది. ఆమె టైలరింగ్ మిషన్ ముప్పై ఏళ్ల నాటిది. రోజూ పొద్దున ఒక్కో రంధ్రంలో ఒక్కో చుక్క వేస్తుంది, వేశాక ఒక పాత గుడ్డ మీద నాలుగు కుట్లు ఉత్తినే కుడుతుంది. లేకపోతే కస్టమర్ జాకెట్ మీద మరక. "ఎక్కువ నూనె పోస్తే దూది, దుమ్ము దాంట్లో చేరి జిగురైపోద్దిరా" అంది. తుపాకీకీ అంతే. మా ఊరి గాలిలో సన్న ఇసుక ఎగురుతుంటుంది. నూనె కారుతున్న రైఫిల్‌కి అది అంటుకుంటే గరుకు కాగితంతో రుద్దినట్టే. వేలితో రాస్తే తడి తగిలీ తగలనట్టు ఉండాలి, అంతే. తూటాలకైతే అసలు నూనె తగలనివ్వకూడదు. మ్యాగజైన్ లోపల కూడా పొడిగా తుడిచి వదిలెయ్యాలి.

'డబ్ల్యూడీ-40 కొట్టేస్తే పోలా' అనుకునే వాళ్లు ఉంటారు. మా తమ్ముడి బైక్ మెకానిక్ అన్ని రోగాలకీ అదే మందు వాడతాడు. ఆ డబ్బా 1953లో అమెరికాలో పుట్టింది. అట్లాస్ అనే క్షిపణి పైతొడుగుకి తుప్పు పట్టకుండా తేమని తోసెయ్యడానికి కనిపెట్టారు. రాకెట్ల పక్క ఊరోళ్లం కాబట్టి ఈ కథ నాకు భలే నచ్చుతుంది. కానీ అది ముఖ్యంగా నీటిని తోసేది. రైఫిల్‌కి రైఫిల్ ఆయిలే.

ఉప్పు గురించి ఒక సంగతి మా ఉస్తాద్ చెప్పాడు. పాత .303 తూటాల క్యాప్‌లో ఉండే మందు కాలాక, బారెల్‌లో ఒకరకం ఉప్పు మిగిలేది. పొటాషియం క్లోరైడ్. మనం తినే ఉప్పుకి దగ్గరి చుట్టం. గాలిలో తేమని లాగి రాత్రికి రాత్రే తుప్పు తెచ్చేది. నూనెలో ఆ ఉప్పు కరగదు, నీళ్లలో కరుగుతుంది. అందుకని బ్రిటిష్ సైనికులు ఫైరింగ్ అవగానే బారెల్‌లో మరుగుతున్న నీళ్లు పోసేవాళ్లు. నీళ్లు ఉప్పుని తీసుకుపోతాయి, వేడికి బారెల్ దానంతటదే ఆరిపోతుంది, ఆ తర్వాత నూనె. తుప్పుకి నీళ్లు మందు! ఇప్పటి తూటాల్లో చాలావరకు ఆ గొడవ లేదు. మా ఊళ్లో మాత్రం ఆ ఉప్పు తూటాలోంచి కాకుండా సరస్సు మీంచి వస్తుంది. ఫైరింగ్ అయిన రోజు ఒకసారి తుడిచి 'అయిపోయింది' అనుకుంటే, మర్నాడు బారెల్ మళ్లీ చెమట పడుతుంది. మేం మూడు రోజులు వరసగా తుడిచేవాళ్లం. మూడో రోజు చిందీ కూడా పూర్తి తెల్లగా వచ్చేది కాదు.

చేతి చెమట కూడా ఉప్పే. పని అయ్యాక నూనె గుడ్డతో పైన మొత్తం ఒకసారి తుడిచి, ఆ తర్వాత ఇనుము మీద వేలు పెట్టకుండా చెక్క భాగం పట్టుకుని తీసుకెళ్లాలి. వేలిముద్ర పడిన చోట వారానికి అదే ఆకారంలో తుప్పు కనిపిస్తుంది. ఎవరు పట్టుకున్నారో ఫోరెన్సిక్ వాళ్లు కూడా అక్కర్లేదు.

తుడవకపోతే ఏమవుతుందో తెలిపే పెద్ద కథ వియత్నాంలో జరిగింది. 1960లలో అమెరికా సైనికులకి ఎం-16 అనే కొత్త రైఫిల్ ఇచ్చారు. దాన్ని పెద్దగా తుడవక్కర్లేదన్న ప్రచారం పాకింది. చాలామందికి క్లీనింగ్ కిట్లు అందలేదు. పైగా తూటాల్లో మందు మార్చారు, దాంతో మసి పెరిగింది. చాంబర్‌కి క్రోమ్ పూత లేదు. అడవిలో తేమ. యుద్ధం మధ్యలో ఖాళీ తొడుగులు చాంబర్‌లోనే ఇరుక్కుపోయేవి. విప్పి సరిచేసుకుంటూనే చనిపోయిన వాళ్లున్నారు. 1967లో అక్కడి కాంగ్రెస్ విచారణ జరిపింది. క్రోమ్ పూత వచ్చింది, కిట్లు వచ్చాయి. దాంతోపాటు 1968లో సైన్యం ఒక కామిక్ పుస్తకం అచ్చేసింది. విల్ ఐస్నర్ అనే పేరున్న కార్టూనిస్ట్ చేత రైఫిల్ ఎలా తుడవాలో బొమ్మలతో చెప్పించారు. లావుపాటి మాన్యువల్ చదవని పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు దీన్ని చదివారు. మన దగ్గర ఇలాంటిది తెలుగులో ఎవరైనా గీస్తే బాగుంటుందని నాకు చాలా రోజులుగా ఉంది. రిక్రూట్లకి పాఠం భాష అర్థంకాక తలాడించడం నేను చూశాను.

బిగించాక ఒక పరీక్ష ఉంటుంది. మ్యాగజైన్ పెట్టకుండానే కాక్ చేసి, సేఫ్టీ ఎస్ మీద పెట్టి ట్రిగ్గర్ నొక్కితే ఏమీ జరగకూడదు. ఆర్ మీద పెట్టి, మళ్లీ సురక్షిత దిశలో నొక్కితే టిక్కుమనాలి. ఈ రెండోసారి నొక్కే ముందు కూడా నాయన చిటికెన వేలు పెట్టించాడు. "ఇందాకే చూశాంగా నాయనా, ముక్కలు ముక్కలుగా విప్పాంగా" అన్నాడు తమ్ముడు. నాయన ఏమీ అనలేదు. కర్ర వైపు చూపించాడు. వాడు చీపురు కర్రకి లేని చాంబర్‌లో వేలు పెట్టి తడిమాడు.

వాడు ట్రైనింగ్‌కి వెళ్లి ఇప్పటికి రెండు నెలలైంది. మొదట్లో అంతా పరుగు, డ్రిల్లు. ఆదివారం ఫోన్ ఇస్తారు. ఈ మధ్యే రైఫిల్ చేతికొచ్చిందట. ఇన్‌స్పెక్షన్‌లో వాళ్ల ఉస్తాద్ తెల్ల రుమాలు తీసి ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద తుడిచి చూస్తాడట. సగం మందివి నల్లగా వచ్చాయి, వీడిది కొంచెం నల్లగా వచ్చింది. "కొంచెమేక్కా" అని నవ్వాడు. ఆటలో ఎస్‌ఎల్ఆర్ ఇప్పుడు తేలిగ్గా అనిపిస్తోందట. అసలుది మోసి మోసి భుజం వాచిందట.

నాయన ఫోన్ తీసుకుని తిండి ఎట్టుందని అడగడు, నిద్ర పడుతోందా అని అడగడు. "ఎట్టా కూర్చుంటున్నారు?" అని అడుగుతాడు.

"అందరం ఒకే వైపు నాయనా" అంటాడు వాడు.

అమ్మ నాయన పాత బనీన్లు కత్తిరించి, టేపు పెట్టి కొలిచి, నాలుక్కి రెండు చొప్పున చిందీలు చేసి పార్శిల్ కట్టింది. అక్కడ గుడ్డ వాళ్లే ఇస్తారని తమ్ముడు ఎంత చెప్పినా వినలేదు. అంచులు దారాలు ఊడి గొట్టంలో ఇరుక్కుంటాయేమో అని మిషన్ మీద చుట్టూ కుట్టబోతుంటే, మందం పెరిగితే ఇంకా ఇరుక్కుంటాయని నాయనే ఆపాడు. మొత్తం నూట ఇరవై ముక్కలు. మామిడికాయ పచ్చడి సీసాతోపాటు నిన్న పోస్టాఫీసులో ఇచ్చొచ్చాను.